రోడ్డు అవతలి పులి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. అదంతా అబద్ధమని చెప్పబోయి ప్రతిసారీ గొంతు పెంచుతాను కాబట్టి ఎవరూ నమ్మరు.

ఇరవై ఏళ్ళుగా షాపుల బోర్డులు రాస్తున్నాను. మందుల షాపులు, టైలర్లు, చెప్పుల కొట్లు, ఒక పళ్ళ డాక్టరు. అందరి పేర్లూ అడుగెత్తు అక్షరాలతో రాశాను. నా పేరు మాత్రం ఎక్కడా లేదు. రాసినవాళ్ళ పేరు ఎవరికి కావాలి? అందుకే పిల్లల ఆసుపత్రి వాళ్ళు వార్డులో గోడ నిండా బొమ్మ వెయ్యమన్నప్పుడు, పేరు రాసుకోవచ్చా అని ముందదే అడిగాను. రాసుకోమన్నారు. ఇక ఆ రోజు నా కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు.

ఖాళీ వార్డులో పదకొండు రోజులు పనిచేశాను. అడవి, వాగు, కోతులు, వాటి మధ్య నా పులి. నిలబడి, నోరంతా తెరిచి నవ్వే పులి. బోర్డుల పనిలో మాకు ఒకటే లెక్క: రోడ్డు అవతల నిలబడి చూడాలి. అక్కడి నుంచి కంటికి ఆనకపోతే అది బోర్డే కాదు. వార్డులో రోడ్డు లేదు గనక, నాలుగు గీతలు గీసినప్పుడల్లా వెనక్కి నడిచి తలుపు దాకా వెళ్ళి చూసుకునేదాన్ని. పళ్ళకి బోర్డులకు వాడే మెరుపు తెలుపు మూడు పూతలు వేశాను. తలుపు దగ్గర నుంచి చూస్తే పులి నవ్వు గదంతా నిండిపోయింది. దాని కాళ్ళ దగ్గర నా పేరు రాసి, మళ్ళీ తలుపు దాకా వెళ్ళి చదువుకున్నాను.

గురువారం మంచాలు వేశారు, పిల్లలు వచ్చారు. సోమవారం నలుగురినీ పిలిచి గోడ చూపిస్తానన్నారు పెద్ద డాక్టరుగారు.

మా వదిన ఆ వార్డు నర్సే. నేను పనిచేసినన్నాళ్ళూ ఆమెకు వేరే చోట డ్యూటీ వేయడంతో, గురువారమే మొదటిసారి చూసింది. సాయంత్రం ఆమె ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే ఎదురెళ్ళాను.

"చూశావా?"

"చూశాను. అడవి బాగుంది. వాగు మరీ బాగుంది."

"పులి?"

వదిన చెప్పులు విప్పి, వరసగా పెట్టి, అప్పుడు చెప్పింది. "అది నవ్వుతున్నట్టు లేదే. మీద పడేలా ఉంది. మూడో మంచం పాప పొద్దున్నుంచీ ముసుగు తియ్యలేదు."

నాకు ఒళ్ళు మండింది. "నీకు సూదులు తెలుసు, నాకు రంగులు తెలుసు. ఎవరి పని వాళ్ళు చూసుకుంటే పోదా?"

"సూది గుచ్చే ముందు నేను చెయ్యి చూస్తాను మరదలా. నువ్వు ఒక్కసారి ఆ మంచం మీద పడుకుని చూడు, చాలు."

అన్నయ్య పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు. మేమిద్దరం మాట్లాడుకునేటప్పుడు అతనికి అదే రక్షణ.

శుక్రవారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. టైలరు బోర్డుకి నీలం వెయ్యాల్సిన చోట ఎరుపు వేశాను. అది తుడవకుండానే బయటపడి, ఫోనులో పులి ఫోటో పట్టుకుని కనిపించినవాళ్ళందరికీ చూపించాను. ఫోటో కూడా తలుపు దగ్గర నుంచి తీసిందే. రంగుల కొట్టాయన సరిగా చూడకుండానే బ్రహ్మాండం అన్నాడు. పళ్ళ డాక్టరు కళ్ళజోడు సవరించుకుని, "పళ్ళు మాత్రం చాలా ఆరోగ్యంగా ఉన్నాయి," అన్నాడు. సాయంత్రానికి తొమ్మిదిమంది మెచ్చుకున్నారు. తొమ్మిదిమందీ కలిసి వదిన అన్న ఒక్క మాటని నా బుర్రలోంచి కదిలించలేకపోయారు. ఇంట్లో ఆమెతో మాట్లాడకుండా తిన్నాను. కుర్చీలో కూర్చుంటే కుర్చీ గుచ్చుకుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియలేదు.

శనివారం పొద్దున్నే వార్డుకి వెళ్ళాను. నేర్చుకోవడానికేం కాదు, వదిన మాట తప్పని తేల్చి ఆమె ముఖం మీదే చెప్పడానికి. మూడో మంచం ఖాళీగా ఉంది, పాపని ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు. అటూ ఇటూ చూసి, చెప్పులు విప్పి పడుకున్నాను.

గోడ చేతికందేంత దగ్గర. నేను నవ్వంతా కళ్ళలో పెట్టాను, ఆ కళ్ళేమో పైకప్పు దగ్గర ఉన్నాయి. ఇక్కడికి కనిపించేవి పళ్ళే. ఒక్కొక్క పంటి మీదా ఒక్కొక్క ట్యూబులైటు మెరుస్తోంది. కళ్ళు చికిలించి చూశాను, తల పక్కకి వాల్చి చూశాను. ఎలా చూసినా నోరే.

అప్పుడు సిగ్గేసింది. రెండు రోజులుగా నా పులి, నా గోడ, నా పేరు అంటూ ఊరంతా తిరిగాను గాని, ముసుగులో ఉన్న ఆ పిల్ల ఒక్కసారైనా గుర్తుకు రాలేదు.

"దిగు, పేషెంటు వస్తోంది," అంది వదిన, మందుల ట్రే పట్టుకుని. నేను చెప్పలేదా అని ఒక్క మాట అనుంటే పోట్లాడి మనసు తేలిక చేసుకునేదాన్ని. అనలేదు.

"ఇంకేం బాగాలేదో చెప్పు," అన్నాను.

"నన్నడుగుతావేం? నాకు సూదులే కదా తెలుసు."

"వదినా!"

ఆమె ట్రే పక్కన పెట్టి గోడ వైపు తిరిగింది. "ఇక్కడ అందరూ పడుకునే ఉంటారు. అదొక్కటే ఎందుకు నిలబడాలి?"

ఆ మాట నాకు తట్టనందుకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి మింగేశాను.

వదిన గోడ పక్క మంచాలు అవతలి గదికి జరిపించి, వాసన రాని రంగులైతేనే లోపలికి రానిస్తానంది. నాలుగు రోజులు కష్టపడి వేసిన తలని పొదలుగా మార్చేశాను. పులి పడుకోవాలంటే ముందుకాళ్ళు చాచాలి. చాచాల్సిన చోటే నా పేరుంది. అక్కడ బ్రష్షు ఆగింది. బయటికెళ్ళి వరండాలో నాలుగు చుట్లు తిరిగాను. తిరిగొచ్చినా పేరు అక్కడే ఉంది. నా చేత్తో నేనే దాని మీద గోధుమరంగు పూశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

ఆదివారం మధ్యాహ్నానికి పులి గడ్డం పంజాల మీద పెట్టుకుని, ఒక కన్ను సగం మూసుకుని, సరిగ్గా దిండు ఎత్తులో పడుకుంది. రంగు ఆరాక మంచాలు తిరిగొచ్చాయి. మూడో మంచం మీద ముసుగు కాస్త కిందికి జరిగి రెండు కళ్ళు బయటపడ్డాయి. చూడనట్టు నటిస్తూ, పంజా కింద పేరు రాద్దామని సన్న బ్రష్షు తీశాను.

"ఆంటీ, దానికి ఈ పక్క మీసాలు తక్కువున్నాయి."

నా మెడ వేడెక్కింది. ఏడేళ్ళ పిల్ల! పులుల గురించి నీకేం తెలుసన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. తలుపు దగ్గర వదిన చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది.

మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిల్ల దిండు మీద తల ఆనించి లెక్కపెట్టాను. ఆ పక్క ఆరు. ఈ పక్క నాలుగు.

పేరు రాయబోయిన బ్రష్షుని నల్లరంగులో ముంచాను. "ఎక్కడ పెట్టమంటావ్?"

పాప దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి, పులి మూతి మీద వేలు పెట్టి చూపించింది.