ముప్పై అడుగుల దూరానికి ప్రాక్సీ

మధ్యాహ్నం రెండింటికల్లా నా ప్రోగ్రాం తయారు కాకపోతే, బాపు సాంచా మీద ఎక్కించిన కొత్త నూలు బీముకి పాత నెమలి డిజైనే వేసేస్తానన్నాడు మిల్లు యజమాని సేఠ్. సాంచా అంటే మా సోలాపూర్ పద్మశాలీల మాటలో పవర్‌లూమ్. ముప్పై ఏళ్లుగా ఎవరెవరో గీసినవే నేసిన మా బాపు పెంటప్ప, ఇవాళ కన్నకూతురు గీసిన చద్దర్ నేయాలని పొద్దున్నే తలస్నానం చేసి వచ్చాడు. ఆయన ముఖం చూశాక నేను ఓడిపోతే ఎలా?

మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పని నాది. అక్కడి కంప్యూటర్లు నేరుగా నెట్‌లోకి వెళ్లలేవు, ప్రాక్సీ అనే మరో కంప్యూటర్ ద్వారానే వెళ్లాలి. నా బిల్డ్ స్క్రిప్ట్ బయటి నుంచి కొన్ని ఫైళ్లు, సాంచాలుండే షెడ్డులోని కంప్యూటర్ నుంచి మగ్గం కొలతలు తెచ్చి, నేను గీసిన బొమ్మని సాంచా నేసేలా మార్చే ప్రోగ్రాం తయారు చేయాలి. ప్రాక్సీ చిరునామా పెట్టగానే బయటి ఫైళ్లన్నీ గబగబా దిగాయి. షెడ్డు కంప్యూటరే దొరకలేదంది. గోడ అవతల ఉన్నది దొరక్కపోవడమేంటి! ఆరుసార్లు నడిపాను, ఆరుసార్లూ అదే పాట. నాకు కోపమొస్తే దెబ్బలు తినేది మౌసు. ఆ రోజు దానికి గట్టిగానే పడ్డాయి.

ఒంటిగంటకు బాపు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఋతుజా, నా డబ్బా ఏది? ఆకలైతుంది."

"గేటు కాడ అంబాదాస్ కాకకు ఇచ్చిన గదా."

చిన్నప్పటి అలవాటు మరి. బడికి పోతూ బాపు డబ్బాని గేటు దగ్గర వాచ్‌మన్ చేతికిచ్చేదాన్ని, ఆయన షెడ్డుకి పంపేవాడు. ఇవాళ ఆఫీసులోంచి లేచి వెళ్లి మరీ అదే పని చేశాను.

బాపు గేటు దాకా వెళ్లి అడిగొచ్చాడు. "లోపలి నుంచి తెచ్చిచ్చినవ్ గదా, కాక బయటికి పంపేదే అనుకున్నడు. టెంపోల పెట్టిండు. నా బువ్వ గిప్పుడు అశోక్ చౌక్‌ల తిరుగుతుంది!" బాపు పగలబడి నవ్వాడు. "నీ కుర్సీ నుంచి నా సాంచా ముప్పై అడుగులు. ఇంట్లోళ్లకిచ్చేదానికి గేటు దాంక ఎందుకు పోయినవే పిచ్చిదానా?"

నవ్వబోయి ఆగిపోయాను. నా స్క్రిప్టూ అచ్చం ఇదే చేస్తోంది. షెడ్డుని అడగాల్సింది కూడా ప్రాక్సీనే అడుగుతోంది. బయటి లోకానికి దారి చూపే దానికి మా షెడ్డు సంగతి ఏం తెలుస్తుంది? షెడ్డు కంప్యూటర్‌కి ప్రాక్సీ వద్దు, నేరుగా వెళ్లు అని ఒక్క వరుస చేర్చి నడిపాను.

"అయింది బాపూ!"

"దొరికిందా డబ్బా?"

"ప్రోగ్రాం! రా, నా డబ్బాల రొట్టె తిందువు."

రెండింటికి సాంచా కదిలింది. ఎర్ర నూలు మీద పచ్చటి తునికాకులు ఒక్కో వరుసే తేలాయి. అమ్మ యమునాబాయి బీడీలు చుట్టే చేటలోంచి తీసుకొచ్చి ముందు పెట్టుకుని గీసిన ఆకులవి. జానెడు నేశాక బాపు సాంచా ఆపేశాడు. జ్వరమొచ్చినా ఆపని మనిషి. వేళ్లతో ఆకుల్ని మెల్లగా తడిమాడు.

"ఇది మీ అమ్మ ఆకు గదనే," అన్నాడు. నాకు సంతోషంతో ఏడుపొచ్చేసింది.

ఆయన వెనక్కి తిరిగి గొంతెత్తాడు. "ఇకడే యా రే సగళే! అందరు ఇటు రాండ్రి! మా ఋతుజ గీసింది, చూడుండ్రి!"

పక్క సాంచా ఆగింది. తర్వాత దాని పక్కది. షెడ్డంతా నిశ్శబ్దమైపోయేసరికి కరెంటు పోయిందేమోనని సేఠ్ పరుగెత్తుకొచ్చాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. అందరూ మా అమ్మ ఆకుల్నే చూస్తున్నారు.