సారీ అంటే గంట

లెనర్డ్ గార్‌సైడ్ రోజుకి ఎన్నిసార్లు సారీ చెబుతాడో ఎవరూ లెక్క పెట్టలేదు. తలుపు తగిలితే తలుపుకి చెప్పేవాడు. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే, తొక్కినవాడు నోరు తెరిచేలోపే తొక్కించుకున్న తను చెప్పేసేవాడు. స్కిప్టన్ ఊళ్ళో అందరూ అంతే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. కానీ తప్పు చేసి సారీ చెప్పడమనేది మాత్రం అతని జీవితంలో జరగలేదు. ఎందుకంటే అతను తప్పు చేయడు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఏళ్ళు కొట్టు కొట్టుకీ తిరిగి ఊళ్ళోవాళ్ళ త్రాసుల్లో తేడాలు పట్టినవాడు. తన త్రాసులో కూడా తేడా ఉండొచ్చన్న అనుమానం అతనికి ఎన్నడూ రాలేదు. భార్య డోరీన్‌కి చాలాసార్లు వచ్చింది గానీ ఆమె పైకి అనలేదు.

సోమవారం సాయంత్రం ఆరున్నరకి రేడియోలో "నోరు జారొద్దు" వస్తుంది. రాణిగారికి పట్టాభిషేకం జరిగిన రోజుల నుంచీ వస్తూనే ఉంది. ఆట చిన్నదే. నలుగురు హాస్యగాళ్ళు వరసగా కూర్చుంటారు. అధ్యక్షుడు అంబ్రోజ్ పెల్ ఒకరికి ఏదో ఒక విషయం ఇస్తాడు, గొడుగనో, ఉడకబెట్టిన గుడ్డనో. రెండు నిమిషాలు దాని మీద మాట్లాడాలి, అంతే. మిగతా ముగ్గురూ ఈలోగా అతని కాలు తొక్కుతారు, మోచేత్తో పొడుస్తారు, ఒళ్ళో టీ ఒలకబోస్తారు. సారీ అన్నాడా, గంట మోగుతుంది, అవుట్. ఇంకో దేశంలో అయితే ఎవరూ ఓడిపోరు గనక ఈ ఆట మొదటి వారమే మూతబడేది. ఇంగ్లండులో రెండు నిమిషాలు నిలబడ్డవాణ్ణి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ ప్రోగ్రాం మొదట్లో డోరీన్‌ది. వంటింట్లో ఇస్త్రీ చేసుకుంటూ వినేది, ఒక్కతే నవ్వుకునేది. లెనర్డ్ గుమ్మంలోంచి మొహం చిట్లించి, "గడ్డాలొచ్చిన మగాళ్ళు గంట కొట్టుకుని ఆడుకుంటున్నారు, సిగ్గులేకపోతే సరి," అని ముందుగదిలోకి పేపరు పట్టుకుపోయేవాడు.

ఒక మార్చి నెలలో అతనికి ఫ్లూ జ్వరం వచ్చింది. మంచం మీద పడున్నవాడికి తోడుగా ఉంటుందని డోరీన్ రేడియో తెచ్చి పక్కన పెట్టింది. లేచి దాని నోరు నొక్కే ఓపిక లేక విన్నాడు. ఆ వేళ గొడుగు గురించి మాట్లాడుతున్న పెద్దమనిషి ఒళ్ళో వేడి వేడి టీ ఒలికింది. ఆయన లేచి నిలబడి, నేల మీద పారుతున్న టీని చూసి, "సారీ," అన్నాడు. లెనర్డ్ నోట్లోంచి థర్మామీటరు ఊడి దుప్పటి మీద పడింది. ఊపిరాడక చస్తున్నాడేమోనని డోరీన్ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది? నీళ్ళు తేనా?"

"టీకి చెప్పాడు డోరీన్! టీకి!"

అతను అంత పడీపడీ నవ్వడం ఆమె ఎన్నో ఏళ్ళుగా చూడలేదు. పోనీలే, ఇక ఇద్దరం కలిసి వినొచ్చు అనుకుని మురిసిపోయింది పిచ్చితల్లి.

జ్వరం తగ్గింది, ఇది పట్టుకుంది. రేడియో వంటింట్లోంచి ముందుగదికి మారింది. అతనికి సరిగ్గా వినపడదని ఇస్త్రీబల్ల బయటే ఆగిపోయింది. డోరీన్ నవ్వితే "ఉష్" అనేవాడు. నవ్వకపోతే ఆ జోకు ఎందుకు గొప్పదో మర్నాడు టిఫిను దగ్గర విడమరిచి చెప్పేవాడు. ప్రతి వారం టేపు మీద పట్టి, తేదీ రాసి, బీరువాలో ఆమె మంచి దుప్పట్లు ఉండే అరలో పేర్చేవాడు. ఆ ప్రోగ్రాం అంటే చెవి కోసుకునేదాకా వచ్చాడు. ఎండాకాలం వచ్చేసరికి ఇంటికొచ్చినవాళ్ళతో, "డోరీన్ కూడా అప్పుడప్పుడు వింటుంది లెండి," అనడం మొదలుపెట్టాడు.

ఆ ఊళ్ళో "మూడు బాతులు" అనే పబ్బు ఉంది. దాని మేడ మీద ఈ ప్రోగ్రాం అభిమానుల సంఘం కూర్చునేది. కార్యదర్శి సిరిల్ అంపుల్‌బీ మెడలో టై లేకుండా ఎవరికీ కనపడని మనిషి. వీళ్ళు బీరు పెట్టుకుని ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటూ అదే ఆట ఆడేవారు, చావు కబురు విన్నంత గంభీరంగా. "క్షమించండి" అంటే కూడా గంట కొట్టాలా అక్కర్లేదా అన్న దగ్గర ఒకసారి సంఘం రెండుగా చీలింది. ఒక వర్గం కోపంగా మెట్లు దిగి కింద బల్ల దగ్గర కూర్చుంది. దిగేటప్పుడు పైవాళ్ళకి సారీ చెప్పి మరీ దిగింది.

లెనర్డ్ ఆ సంఘానికే తలమానికమయ్యాడు. తప్పులు పట్టడంలో ఆరితేరినవాడు కదా, తన నోటికి తనే ఇన్‌స్పెక్టరయ్యాడు. పోస్టాఫీసులో ఒక ముసలావిడకి మోచెయ్యి తగిలితే "అలా జరుగుతుంటుంది" అన్నాడు. పాలవాడి సీసా పగలగొట్టి "విచారకరం" అన్నాడు. ఏప్రిల్ నుంచి ఒక్కసారి కూడా నోరు జారలేదని అంపుల్‌బీ అందరి ముందూ లేచి చప్పట్లు కొట్టాడు. లెనర్డ్ జీవితంలో అతని కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు.

ఇక్కడే కొంప మునిగింది.

డోరీన్ చర్చి క్వయర్‌లో పాతికేళ్ళుగా వెనక వరసలో నిలబడి పాడుతోంది. ఆ ఏడాది క్రిస్మస్ కచేరీలో మొదటిసారి ఆమెకి ఒంటరిగా పాడే పాట ఒకటి ఇచ్చారు. గిన్నెలు కడుగుతూ, బట్టలు ఆరేస్తూ, బాత్రూములో తలుపేసుకుని సాధన చేసింది. కచేరీ సోమవారం పడింది.

"నువ్వు లోపలికి పద, కారు సరిగ్గా పెట్టి వస్తా," అన్నాడు లెనర్డ్. కారు సరిగ్గానే ఉంది. ఆరున్నర అవుతోంది. కాస్త విని వెళ్దామని రేడియో పెట్టాడు. ఆ వేళ ప్రోగ్రాం ఎంత బాగుందంటే, అయిపోయాక కూడా కాసేపు నవ్వుకుంటూ స్టీరింగు మీద కొట్టుకున్నాడు. లోపలికి వెళ్ళేసరికి అందరూ టీ తాగుతున్నారు. డోరీన్ కప్పు పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది.

"అద్భుతం," అన్నాడు వెళ్ళగానే. "నీ గొంతు చివరి వరస దాకా ఖంగుమంది."

డోరీన్ కప్పు కింద పెట్టింది. "నేను పాడలేదు లెనర్డ్."

"ఆఁ?"

"లేచి నిలబడ్డాను. చూస్తే నీ కుర్చీ ఖాళీగా ఉంది. ఎందుకో గొంతు పెగల్లేదు. నా బదులు హిల్డా ప్రాట్ పాడింది."

పాత లెనర్డ్ అయితే వెంటనే సారీ అనేవాడు. దానికి అర్థం ఉండేది కాదు గానీ, అనేవాడు. కొత్త లెనర్డ్ గొంతు సవరించుకుని, "పరిస్థితులు అలా వచ్చాయి," అన్నాడు.

"నువ్వు అనాల్సిన మాట అది కాదు."

"నాకు తెలుసు. కానీ డోరీన్, ఏప్రిల్ నుంచి ఒక్కసారి కూడా..."

ఆ వాక్యం పూర్తికాకముందే ఆమె కోటు తొడుక్కుంది.

ఆ దేశంలో ఆడవాళ్ళకి కోపమొస్తే గిన్నెలు పగలవు, మర్యాద పెరుగుతుంది. మర్నాడు డోరీన్ టోస్టు పెట్టి, థాంక్యూ చెప్పి, పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "మోర్కమ్‌లో మా ఎడ్నా దగ్గర కొన్నాళ్ళు ఉండి వస్తాను, నీకు ఇబ్బంది లేకపోతే."

"ఇబ్బందేమీ లేదు," అన్నాడా మహామేధావి.

ఇల్లు ఇల్లులా లేదని అతనికి తెలియడానికి తరవాతి సోమవారం పట్టింది. రేడియో పెట్టాడు. జోకు పేలింది. పక్కకి తిరిగి "ఉష్" అనబోతే అక్కడ ఎవరూ లేరు. రేడియో కట్టేసి కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. జలుబనుకున్నాడు.

ఆదివారం మోర్కమ్ వెళ్ళాడు. ఎడ్నా తలుపు సగమే తీసింది. డోరీన్‌కి చెల్లెలు, నోటికి మాత్రం అక్క.

"చెప్పడానికేమైనా వచ్చావా, లేకపోతే సముద్రం చూడ్డానికొచ్చావా?"

"జరిగింది చాలా విచారకరం అని డోరీన్‌తో..."

"విచారకరం అంటే వాన పడ్డం. నువ్వు చేసింది వాన కాదు నాయనా."

లెనర్డ్ నోరు తెరిచాడు. ఏప్రిల్ రికార్డు పోతే పోయిందనే అనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు. అయినా మాట రాలేదు. తలుపులకీ దీపస్తంభాలకీ అన్నేళ్ళు పంచిపెట్టిన మాట, మొదటిసారి నిజంగా అనాల్సి వచ్చేసరికి గొంతుకి అడ్డం పడింది. అసలు అడ్డు ఆట కాదు. ఆ మాట అంటే తప్పు తనదని ఒప్పుకున్నట్టే, ఆ అలవాటు అతనికి లేదు.

లోపల్నుంచి డోరీన్ గొంతు వినపడింది, చాలా మర్యాదగా. "నువ్వు ఆ మాట అనగలిగితే నేను వస్తాను లెనర్డ్. లేదంటే ఈస్టరు లోపు నా మిగతా బట్టలు పంపించెయ్."

ఫిబ్రవరిలో అంపుల్‌బీ రొప్పుతూ వచ్చి తలుపు కొట్టాడు. "గార్‌సైడ్ గారూ! కుర్చీ! మీకే వచ్చింది!"

"నోరు జారొద్దు" స్కిప్టన్ టౌన్‌హాల్లో రికార్డు చేయబోతున్నారు. ప్రతి ఊళ్ళోనూ ప్రేక్షకుల్లోంచి ఒకరిని చీటీ తీసి అయిదో కుర్చీలో కూర్చోబెడతారు. అభిమానులకి ఆ కుర్చీ కాశీయాత్రతో సమానం. చీటీలో మనవాడి పేరొచ్చింది. లెనర్డ్ రెండు టికెట్లు మోర్కమ్‌కి పంపించాడు. అంతమంది మధ్య ఆ కుర్చీలో తనని చూస్తే డోరీన్ మనసు కరుగుతుందని అతని లెక్క. ఆమె ఎడ్నాని వెంటబెట్టుకుని వచ్చింది. మనసు కరిగి కాదు, ఆ ప్రోగ్రాం అంటే ఆమెకి అతని కంటే ముందు నుంచీ ఇష్టం గనక.

హాలు కిటకిటలాడుతోంది. అంబ్రోజ్ పెల్ చీటీ విప్పి, "గార్‌సైడ్ గారు కారు పార్కింగు గురించి మాట్లాడతారు," అన్నాడు.

లెనర్డ్ అందుకున్నాడు. కాలు తొక్కారు, చలించలేదు. చెవిలో ఈల వేశారు, లెక్కచేయలేదు. నెత్తి మీద చెంచాడు నీళ్ళు పోస్తే "వాతావరణం మారింది," అన్నాడు. హాలు ఘొల్లుమంది. ఆ నవ్వు తలకెక్కింది. నిమిషం దాటేసరికి కారు పార్కింగు గురించి చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. రెండు నిమిషాలు ఇంకా కాలేదు. నోట్లోకి ఏదొస్తే అది వచ్చింది.

"మొన్న క్రిస్మస్‌కి మా ఆవిడ చర్చిలో పాడుతోంది. నేను బయట కారు పార్కింగులో కూర్చుని ఈ ప్రోగ్రామే వింటున్నాను. తరవాత లోపలికెళ్ళి, అద్భుతంగా పాడావు, చివరి వరస దాకా ఖంగుమంది అన్నాను. తీరా చూస్తే ఆవిడ అసలు పాడనే లేదు!"

హాలు పైకప్పు లేచిపోయింది. అంపుల్‌బీ టైతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. పక్కనున్న హాస్యగాళ్ళు కూడా పొడవడం మాని నవ్వుతున్నారు. లెనర్డ్ ఆ నవ్వులో తడిసి ముద్దయిపోతూ హాలంతా కలయజూశాడు. వరస మధ్యలో డోరీన్ లేచి నిలబడి ఉంది.

వెళ్ళిపోతోంది. కానీ వరస దాటాలంటే ఎన్నో మోకాళ్ళు దాటాలి, దాటిన ప్రతి మోకాలికీ చెప్పాలి. "సారీ. సారీ. కాస్త జరుగుతారా, సారీ." పెల్‌గారికి హుషారొచ్చి ఆమె అన్నప్పుడల్లా గంట కొట్టాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. ఆమె మొహం ఎర్రబడిపోయింది. తలెత్తకుండా ఇంకో మోకాలికి సారీ చెప్పింది, ఇంకోసారి గంట మోగింది.

లెనర్డ్‌కి సిగ్గేసింది. ఒళ్ళంతా వేసింది. ఆమెని ఒకసారి ఏడిపించింది చాలక, ఆ ఏడుపుని ఊరందరి ముందూ అమ్ముకుంటున్నాడు.

"డోరీన్, సారీ," అన్నాడు మైకులో.

టింగ్! హాలు మళ్ళీ పగలబడి నవ్వింది. "అయ్యో గార్‌సైడ్ గారూ, ఇంకో నాలుగు క్షణాలు ఆగితే గెలిచేవారు కదా!" అని పెల్ చీటీ పక్కవాడికి ఇచ్చేశాడు. మైకుల మనిషి లెనర్డ్ మైకు కట్టేశాడు. లెనర్డ్ కుర్చీలోంచి లేచి వేదిక అంచుకి వచ్చాడు. మైకు లేకుండానే మళ్ళీ అదే మాట అన్నాడు. నవ్వుల్లో అది చాలామందికి అందలేదు.

తలుపు దగ్గరికి చేరిన డోరీన్ వెనక్కి తిరిగింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, దీర్ఘం తీసి, "సారీ?" అంది. వినపడలేదు, మళ్ళీ చెప్పు అని.

పెల్ చెయ్యి గంట మీదికి వెళ్ళింది. ఆమె మొహం చూసి అక్కడే ఆగిపోయింది.

"నేను కార్లో కూర్చున్నాను," అన్నాడు లెనర్డ్, ఈసారి గొంతు చించుకుని. "ఆట వింటూ కూర్చున్నాను. నువ్వు లేచి నా కోసం చూస్తే నేను లేను. పైగా విన్నానని అబద్ధమాడాను. ఇప్పుడు దాన్నే చెప్పుకుని వీళ్ళని నవ్వించాను. తప్పు నాది. నాది డోరీన్. సారీ."

ఎవరూ నవ్వలేదు. వెనక ఎవరో దగ్గి, దగ్గినందుకు మెల్లిగా సారీ చెప్పారు.

రేడియోలో వచ్చేటప్పుడు అదంతా కత్తిరించేశారు, నవ్వు లేదని. సంఘంలో మాత్రం మైకు లేకుండా అన్న సారీని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని పెద్ద చర్చ జరిగింది. సంఘం మళ్ళీ చీలింది. లెనర్డ్ ఏ వర్గంలోనూ చేరలేదు.

ఆ సాయంత్రం హాలు బయట వాన పడుతోంది. ఎడ్నా వెళ్ళి కారు వెనక సీట్లో కూర్చుంది. డోరీన్ ముందు కూర్చుంది. లెనర్డ్ వైపర్లు వేశాడు.

"మైకు కట్టేశాడు వెధవ," అన్నాడు. "అందుకే ముందు నీకు వినపడలేదు."

"వినపడింది," అంది డోరీన్ రోడ్డు వంక చూస్తూ. "శుభ్రంగా వినపడింది లెనర్డ్. ఇంకోసారి వినాలనిపించింది."