పన్నెండో పేజీ

టెస్‌కి రెండో బూటు ఎక్కించడానికి లోర్నా నేలమీద చతికిలబడింది. మంచులో వేసుకునే బూటు. నాలుగేళ్ల పిల్ల కాలు అందులోకి సులువుగా దూరితే ఏ తల్లికైనా పాట కట్టే అవసరం ఎందుకొస్తుంది?

"కుడి బూటు ఇక్కడ,
ఎడమ బూటెక్కడ?
కుక్క పడక పక్కన
నక్కి ఉంది చక్కగా!"

టెస్ కిలకిలా నవ్వి కాలు చాపింది, బూటు పడగానే పెరట్లోకి పరిగెత్తింది. ఆ పాటే ఇప్పుడు బల్లమీద, భర్త డంకన్ వేసిన బొమ్మ కింద ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంది. పళ్లు తోమే పాట, ఓట్స్ జావ పాట, తువ్వాలు పాట, అన్నీ కలిపి పదకొండు. పుస్తకం అట్టమీద మాత్రం ఒక్కటే పేరు, డంకన్ గిల్లిస్.

ఈ కాగితాలు తీసుకెళ్లడానికి నాలుగింటికి కొరియర్ బండి వస్తుంది. హాలిఫాక్స్‌లో అచ్చువాళ్లు ఇంక ఒక్కరోజు కూడా ఆగలేమన్నారు. పన్నెండో పేజీ ఇంకా ఖాళీ. నిన్న లైబ్రరీలో డంకన్ పిల్లలకి చదివి వినిపిస్తుంటే ఒక పిల్ల లేచి, "వాళ్లమ్మకి మొహం లేదేంటి?" అనేసింది. నిజమే, ప్రతి బొమ్మలోనూ అమ్మంటే రెండు చేతులే. "వంటింట్లో మర్చిపోయొచ్చిందమ్మా!" అన్నాడు డంకన్. అందరూ పగలబడి నవ్వారు. లోర్నా కూడా నవ్వింది. అలా నవ్వినందుకే రాత్రంతా తనమీద తనకి ఒళ్లు మండింది.

"ఇలా వచ్చి కూర్చో, పది నిమిషాల్లో నీ మొహం గీసేస్తా," అన్నాడు డంకన్. "కాస్త నవ్వవే, పన్ను పీకించుకోడానికి వచ్చినట్టు ఆ మొహమేంటి? పాట కూడా చెప్పెయ్, నీకు నోట్లోనే ఉంటాయిగా."

"అట్టమీద నా పేరు?"

"మళ్లీ మొదలెట్టావా? నువ్వు పని చేసుకుంటూ ఏదో అంటావు. కూర్చుని కాగితం మీద పెట్టింది నేను కదా!"

కూర్చుని! ఈ ఇంట్లో పగటిపూట తను చివరిసారి కూర్చుంది ఎప్పుడో లోర్నాకి గుర్తు రాలేదు. అత్తగారు ఐలీన్ అన్న మాట మాత్రం గుర్తొచ్చింది: "నేను నలుగుర్ని పెంచాను, నా పేరెక్కడైనా అచ్చయిందా?" అప్పుడది దెప్పిపొడుపనుకుంది. పాపం, అది ఆవిడ దుఃఖమేమో.

లోర్నా కూర్చుంది. డంకన్ పెన్సిల్ గబగబా కదిలింది. ఆమె చెప్పింది:

"బూటు తొడిగే, జావ కలిపే
చేతులు ఎవరివి? చెప్పనా?
అన్నీ చేసే మా అమ్మకు
పేరు కూడా ఉంది, లోర్నా!"

పెన్సిల్ ఆగింది. "పిల్లల పాటలో నీ పేరేంటి? అది తీసేసి ఇంకేదైనా పెట్టు."

"ప్రాస తప్పుతుంది," అంది లోర్నా. బల్లమీది కాగితాలన్నీ తీసి ఒళ్లో పెట్టుకుంది. అట్ట ఒక్కటే అతని ముందుకు తోసింది. "ముందు దీనిమీద రాయి, 'పాటలు: లోర్నా' అని."

వీధి తలుపు గంట మోగింది.

"లోర్నా! బండి వెళ్లిపోతుంది, తలుపు తియ్యి!"

గంట మళ్లీ మోగింది. ఈ ఇంట్లో గంట మోగితే లేచేది ఎప్పుడూ ఆమే. ఈసారి లేవలేదు.