గుడ్డసంచి ఆనవాళ్లు

బస్టాండులో పోయిన సామాన్లు దాచే గదికి ఒక గుమాస్తా ఉన్నాడు. వస్తువు కళ్లముందే ఉన్నా సరే, ఆనవాళ్లు చెప్పందే చేతికిచ్చే రకం కాదు. జనం ఆయనకి ‘ఆనవాళ్ల బాబాయి’ అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకి లోలోపల మురిపెం కూడాను.

ఆ పొద్దున ఒక పెద్దాయన వచ్చి నల్ల గొడుగు అన్నాడు. “నల్లదంటే సరిపోతుందా? పిడి చెక్కదా, ప్లాస్టిక్‌దా? రోజూ పట్టుకునేది నీకే తెలీకపోతే ఎలా?” అని పదిమందిలో కడిగేసి, ఉత్తచేతులతో పంపేశాడు.

ఈయన భార్య బట్టలు కుడుతుంది. పోయిన వారం బస్సులో సంచి మరిచిపోయింది. అందులో వాళ్లమ్మ వాడిన కత్తెర ఉంది. చేతికి అలవాటైన కత్తెర, ఇంకోదానితో గుడ్డ తిన్నగా తెగడం లేదు. “మీ గదికేమైనా వచ్చిందా?” అని రోజూ అడిగేది. “వస్తే నాకు కనబడదా? నీ సంచి నాకు తెలీదా?” అని రోజూ అదే జవాబు. ఎలా ఉంటుందని మాత్రం ఒక్కసారీ అడగలేదు మహానుభావుడు.

ఆ సాయంత్రం, ఎవరూ అడగని సామాను తుక్కుకి వేస్తున్నారు. బల్ల అవతల ఎవరో నిలబడ్డారు.

“ఏం పోయింది, చెప్పమ్మా?” అన్నాడు తలెత్తకుండానే.

“సంచండీ.”

తలెత్తితే భార్య.

“రాలేదని ఇంట్లో చెప్పానుగా?”

“అందరినీ అడిగినట్టే నన్నూ అడగండి.”

వరసలో జనం చూస్తున్నారు. ఆయన నవ్వేసి, “సరే, ఆనవాళ్లు?” అన్నాడు.

“బూడిదరంగు గుడ్డసంచి. ఒక పిడి తెగితే ఎర్రదారంతో కుట్టాను. అడుగున ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. లోపల గళ్లగుడ్డ వేశాను.”

ఆయన చేయి ఆగిపోయింది. తుక్కులో పడేయబోతున్న సంచికి ఎర్రదారం ఉంది. వారం నుంచీ ‘ఆ పాతమూట’ అంటూ దాన్ని మూలకి తంతున్నాడు. పాతగుడ్డల్లో ఏముంటుందిలే అని మూతి ముడి కూడా విప్పలేదు. ఆయన వెతికిందల్లా, ఆవిడ ఎప్పుడో పారేసిన నల్ల తోలుసంచిని. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే మరి.

ముడి విప్పాడు. పక్క బల్ల ఉద్యోగి తొంగిచూసి, “అన్నా, ఈ గళ్లు నీ పాత చొక్కావి కదూ? ఆదివారం డ్యూటీకి వేసుకొచ్చేవాడివి,” అన్నాడు.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. సంచిని బల్లమీదుగా ఆవిడ వైపు జరిపాడు.

ఆవిడ కత్తెర తీసి, ఒకసారి ఆడించి చూసి, మళ్లీ లోపల పెట్టుకుంది.

“సంతకం ఎక్కడ పెట్టాలండీ?” అంది, పరాయి గుమాస్తాని అడిగినట్టు.

ఆయన వేలితో చూపించాడు. ఆవిడ వెళ్లిపోయాక, వరసలోంచి పొద్దుటి పెద్దాయన ముందుకొచ్చాడు.

“పొద్దున్నించీ ఆలోచించాను బాబూ, ఆ పిడి గుర్తురావడం లేదు,” అన్నాడు సిగ్గుపడుతూ.

బాబాయి ఆయన మొహం చూడలేకపోయాడు. ఉన్న నల్ల గొడుగులన్నీ తెచ్చి బల్లమీద పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు.