ఇరవయ్యో మ్యాచ్

ఎడమ మోకాలికి పట్టీ చుట్టే పని వాల్దెసిర్ ఎవరికీ అప్పగించడు. ముందు కింది నుంచి పైకి రెండు చుట్లు, తర్వాత చిప్ప పక్కగా అడ్డంగా ఒకటి. టేపును పళ్లతోనే తెంపుతాడు. ముప్పై ఆరేళ్ల మోకాలది, రెండుసార్లు కోసి కుట్టారు. కుట్ల చోట వెంట్రుకలు మొలవలేదు. ఆ నున్నటి చారను బొటనవేలితో తడిమి మేజోడు పైకి లాగాడు.

"ఎందుకయ్యా ఆ ముస్తాబు? పెళ్లిచూపులకా?" అన్నాడు మొగామి. ఆటగాళ్ల బూట్లు, బట్టలు చూసుకునేది ఆయనే. అరవై రెండేళ్లొచ్చినా నోరు ఊరుకోదు. "బెంచీ మీద కూచునేవాడికి మోకాలితో ఏం పని? పిర్రలు గట్టిగా ఉంటే చాలు."

వాల్దెసిర్ నవ్వాడు. మొగామి మాత్రం నాలుక కరుచుకుని, అప్పటికే మెరుస్తున్న బూటును మళ్లీ తుడవసాగాడు.

విషయం అందరికీ తెలుసు. ఒప్పందంలో ఒక వాక్యం ఉంది: సీజనులో ఇరవై మ్యాచ్‌లు ఆడితే మరో ఏడాది దానంతటదే పొడిగింపు. ఆడటమంటే ఒక్క నిమిషం గీత దాటి లోపలికి దిగినా ఆడినట్టే. అక్టోబరు సగానికే పంతొమ్మిది అయిపోయాయి. ఆ తర్వాత ఆరు వారాలుగా అతన్ని దింపలేదు. ఎందుకని ఎవరూ చెప్పలేదు. చెప్పరు కూడా. మా షియోమి ఊళ్లో ఏమీ అనకపోవడమే అనడం. ఇవాళ సీజనుకు ఆఖరి మ్యాచ్.

అతను గొప్ప ఆటగాడేమీ కాదు. పరానా రాష్ట్రంలో సోయా పొలాల మధ్య పుట్టాడు. పంతొమ్మిదో ఏట పోర్చుగల్లో రెండో శ్రేణి జట్టుకు వెళ్లాడు. అక్కణ్ణుంచి సైప్రస్, అక్కణ్ణుంచి ఇక్కడ సముద్రపు ఒడ్డుకు. బ్రెజిల్ వాడనగానే జనం బంతితో గారడీ చేస్తాడనుకుంటారు. ఇతనికి వచ్చిన విద్యల్లా తలతో కొట్టి బంతిని అవతలికి పంపడం, ఎదుటివాడికి అడ్డంగా పడటం. పదిహేడేళ్లలో కొట్టిన గోల్స్ తొమ్మిది, విరిగిన పళ్లు మూడు. పేపరు వాళ్లు అతని పేరు తప్పు రాసినా ఎవరూ దిద్దలేదు.

ఇక్కడి భాష కూడా అంతే. ఏడేళ్లుగా ఒకే ఒక్క మాటతో నెట్టుకొస్తున్నాడు: దైజోబు. మోకాలు ఎలా ఉంది? దైజోబు. చలిగా ఉందా? దైజోబు. దుకాణంలో సంచీ కావాలా? దైజోబు. బాగానే ఉన్నానన్నా అదే, అక్కర్లేదన్నా అదే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గదా, ఆ మాట పుణ్యమా అని ఊరు అతనితో మంచిగానే ఉంది. మిగతా ఇద్దరు బ్రెజిల్ వాళ్లూ పోయినప్పుడు, దుబాసీ నాకొక్కడికెందుకని తనే అన్నాడు. క్లబ్బు సంతోషంగా ఒప్పుకుంది.

పొద్దున అన్నం తింటూ కూతురు తాయిస్ అడిగింది. నాలుగేళ్ల పిల్లగా వచ్చింది, ఇప్పుడు పదకొండు. చేపల బజారు ఆడవాళ్లకు దీటుగా మా యాసలో వాదిస్తుంది. ఇంటికొచ్చే ఉత్తరాలన్నీ తండ్రికి చదివిపెట్టేది అదే.

"నాన్నా, వచ్చే ఏడు కూడా ఇక్కడే ఉంటాం కదా? బ్యాండులో పెద్ద డ్రమ్ము నాకే ఇస్తారంట. ఉంటావో లేదో చెప్పమంది టీచరు."

లూసిమారా పొయ్యి దగ్గర్నుంచి భర్త వైపు చూసింది. ఒప్పందం సంగతి ఆవిడకు తెలుసు, పిల్లకు తెలియదు.

"దైజోబు," అన్నాడు వాల్దెసిర్. అన్నాక గిన్నె పక్కకు జరిపాడు.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. సముద్రం మీద ఉరుములు. చలికాలపు ఉరుము వినిపిస్తే బురి చేప వస్తోందని మావాళ్లు సంబరపడతారు. స్టేడియంలో రెండువేల మంది ప్లాస్టిక్ కోట్లలో కూచున్నారు. మన జట్టు ఒక గోల్ ముందుంది. గెలిచినా ఓడినా పట్టికలో మారేదేమీ లేదు. అలాంటప్పుడు పాత ఆటగాణ్ణి చివర్లో ఓ ఐదు నిమిషాలు దింపడం మర్యాద. జనం దానికోసమే చూస్తున్నారు. గోలు వెనక చేపల కొట్టు తమాయె డప్పు కొడుతూ "వాల్! వాల్!" అని అరుస్తోంది. మిగతావాళ్లు అందుకున్నారు.

అతను గీత పక్కన అటూ ఇటూ పరుగెత్తుతూనే ఉన్నాడు. గంట నుంచీ అదే పని. కోచ్ నెగిషి అతని వైపు చూడలేదు. చెడ్డవాడు కాదు నెగిషి, పైవాళ్లు చెప్పింది చేసే మనిషి. వాల్దెసిర్‌కు అతని మీద కోపం కూడా రాలేదు. కోపం తెచ్చుకోవడానికైనా ఎవరో ఒకరు దొరకాలి కదా.

ఎనభై ఆరో నిమిషంలో పదమూడో నంబరు డిఫెండర్ పిక్క పట్టేసి కూలబడ్డాడు. నెగిషి లేచాడు. ఒకసారి తలెత్తి పెద్దల గదుల అద్దాల వైపు చూశాడు. చేతిలో ఏదో కాగితంతో, వానలో తడుస్తూ నేరుగా వాల్దెసిర్ దగ్గరికి వచ్చాడు.

ఏదో అడిగాడు. రెండే రెండు ముక్కలు. డప్పు మోతలో సగం వినబడలేదు. కోచ్ కళ్లు మాత్రం తన మోకాలి మీద వాలడం కనిపించింది. మూడేళ్లుగా ఎవరు దగ్గరికొచ్చినా అడిగేది ఆ మోకాలి గురించే.

"దైజోబు!" అన్నాడు వాల్దెసిర్ గట్టిగా, ఛాతీ విరుచుకుని. నొప్పి ఇసుమంతైనా లేదని చూపడానికి అరచెయ్యి అడ్డంగా ఊపాడు కూడా.

నెగిషి చేతిలోని కాగితాన్ని వానకోటు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నడుం వంచి, పెద్దవాళ్లకు పెట్టినట్టు నమస్కారం పెట్టాడు. వెనక్కి వెళ్లి ఇంకొకణ్ణి దింపాడు.

వాల్దెసిర్ మళ్లీ పరుగెత్తడం మొదలుపెట్టాడు. విజిల్ ఊదేదాకా ఆపలేదు.

పైన ఆఫీసులో మాటలు ఐదు నిమిషాల్లో అయిపోయాయి. చాలా కష్టపడ్డారన్నారు, ఇక సెలవన్నట్టు క్లబ్బు పెద్దలిద్దరు లేచి వంగారు. అతనూ వంగాడు. ఇంటికి కారు లూసిమారా నడిపింది. వెనక సీట్లోంచి తాయిస్ ముందుకు వంగింది.

"నాన్నా, కోచ్ నీ దగ్గరికొచ్చి ఏమన్నాడు?"

"మోకాలు ఎలా ఉందన్నాడు."

"అలా కాదు. ఆయన ఎలా అన్నాడో అలాగే చెప్పు."

అతను గుర్తు చేసుకున్నాడు. "ఇకు కా, అన్నాడు."

"మోకాలు కాదు, ఏం కాదు! లోపలికి వెళ్తావా అని! నువ్వేమన్నావ్?"

"దైజోబు."

తాయిస్ సీటు మీద కొట్టి మరీ నవ్వింది. "అయ్యో నాన్నా! వెళ్తావా అంటే దైజోబు అంటే వద్దులెండి అని! చెయ్యి కూడా ఊపావు కదూ? నేను చూశా! కొట్లో సంచీ వద్దన్నట్టు! ఏడేళ్లయింది, ఇంకా..."

తండ్రి మెడ కదలకపోవడం చూసి నవ్వు ఆపింది. "ఏమైంది? ఒక్క మ్యాచే కదా."

"అవునమ్మా," అన్నాడు. "ఒక్క మ్యాచే."

లూసిమారా కారును రోడ్డు పక్కకు తీసి ఆపింది. భర్త చేతిని పట్టుకుంది. నోటికాడి కూడు నోరే పోగొట్టింది. అతను ఏడవలేదు, చేతకాలేదు. మ్యాచ్ అయిపోయింది, సీజను అయిపోయింది, ఆ మాటను వెనక్కి తీసుకునే చోటు భూమ్మీద లేదు. పిల్లకు చెప్పాల్సింది చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. చెప్పాక అది తన గదిలోంచి మర్నాటిదాకా రాలేదు. ఆ నవ్వు నవ్వినందుకు పిల్ల తనను తాను క్షమించుకోలేదని లూసిమారా అంది.

పన్నెండో రోజున వెళ్లిపోయారు. స్టేషనుకు తమాయె ఉప్పుచేప పొట్లం తెచ్చింది. మొగామి వచ్చాడు, ఒక్క జోకూ వెయ్యలేదు. రైలు కదిలింది.

ఆ వారమే మొగామి ఉతకడానికి కోచ్ వానకోటు తీశాడు. జేబులో తడిసి ఎండిన కాగితం దొరికింది, ఆటగాణ్ణి మార్చేటప్పుడు అధికారికి ఇచ్చేది. బయటికి పదమూడో నంబరు, లోపలికి నాలుగో నంబరు వాల్దెసిర్ అని నెగిషి దస్తూరీలో, కింద సంతకంతో సహా రాసి ఉంది. ఎవరికివ్వాలో మొగామికి తోచలేదు. సబ్బు డబ్బాల పక్కన ఇస్త్రీబల్ల మీద పెట్టి, చేత్తో మడతలు సాపు చేశాడు. అన్నీ నింపి ఉన్న ఆ కాగితంలో, ఎన్నో నిమిషమో రాయాల్సిన గడి ఒక్కటే ఖాళీగా ఉంది.