జత తప్పిన తూకపు గుండు

నేను గోడ నిలువు చూసే తూకపు గుండును. నా జతను పోగొట్టింది దమయంతి. ఇందులో రెండో మాట లేదు.

జత అంటే కర్రముక్క. మా ఇద్దరిదీ ఒకటే వెడల్పు. ఒకే దారానికి పైన అది, కింద నేను. మేస్త్రి దాన్ని గోడ పైభాగాన ఆనించి నన్ను కిందికి వదులుతాడు. నేను గోడను తాకీ తాకనట్టు నిలిస్తే గోడ నిలువుగా ఉన్నట్టు. ఎడం కనిపిస్తే గోడ ముందుకు వాలినట్టు. అది లేకపోతే నేను ఉత్త ఇత్తడి ముద్దను. మనుషులు మాత్రం నన్నే మెచ్చుకుంటారు, దాని పేరెత్తరు.

అనకాపల్లిలో లేతు మిషను మీద నన్ను తీయించినవాడు గౌరినాయుడు మేస్త్రి. పాత ద్వారబంధం చెక్కతో నా జతను తనే చిత్రిక పట్టాడు. ముప్పై ఏళ్లు మేమిద్దరం ఆయన సంచీలో పడుకున్నాం. కూతురు దమయంతికి విశాఖపట్నంలో ఆర్కిటెక్చరు సీటు వచ్చిన రోజున మమ్మల్ని ఆమె చేతిలో పెట్టాడు. గోడ గీయబోయే ముందు గోడంటే ఏమిటో తెలుసుకోమన్నాడు.

ఐదేళ్ల చదువు. కాగితం మీద ఆమె గీసిన గోడ ఏనాడూ వాలలేదు. అక్కడ నాతో పనేముంది? హాస్టల్లో ఆమె డ్రాయింగు బల్లకు ఒక కాలు పొట్టి. నా జతను దారంలోంచి ఊడదీసి ఆ కాలి కింద దోపింది. నాలుగో ఏట గది ఖాళీ చేసినప్పుడు బల్లను వదిలేసింది. దానితో పాటు నా జతనూ.

చదువు చివర ఆరు నెలలు ఒక ఆర్కిటెక్టు దగ్గర పని నేర్చుకోవాలి. ఆయన సంతకం పెట్టిన కాగితం ఉంటేనే డిగ్రీ. ఆ ఆర్కిటెక్టు శేషగిరి గారు ఆమెను ఒక ఇంటి కట్టుబడి దగ్గర వేశారు. అప్పుడు నన్ను బయటికి తీసింది. నమూనా ఇల్లు చేయగా మిగిలిన చెక్కముక్కకు బెజ్జం పెట్టి నా నెత్తిన ఎక్కించింది. అది నాకంటే అర అంగుళం వెడల్పు, అంటే దారానికి ఒక్కో పక్క పావు అంగుళం ఎక్కువ. ఐదేళ్లు కొలతలే చదివిన పిల్ల దాన్ని కొలవలేదు.

కూర్మయ్య మేస్త్రి కట్టిన గోడ మీద మమ్మల్ని వేలాడదీసింది. పావు అంగుళం ఎడం. గోడ వాలిందంది. కూర్మయ్య తన గుండు వేసి, బాగానే ఉందని చూపించాడు. మా నాన్న గుండు ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తప్పు చెప్పలేదని ఆమె కొట్టిపారేసింది.

"మేడమ్ గారి గుండు సదువుకున్నాది. మన గోడ సదువుకోనేదు," అంది ఇటుకలందించే నూకాలు.

కూర్మయ్య నవ్వలేదు. పై ఆరు వరసలు ఊడదీయించాడు. టీ వేళకు నన్నోసారి ఇమ్మని అడిగాడు. దారం విప్పి, కర్రను నా నడుముకు ఆనించి చూశాడు.

"గుండు మీ అయ్యదే తల్లీ. కర్ర ఎవులిది?"

నన్ను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

అంతలో శేషగిరి గారు వచ్చారు. ఊడిన గోడ చూసి, కట్టడం చేతకాకపోతే వేరే మేస్త్రిని పెట్టుకుంటానన్నారు. కూర్మయ్య కర్రను పిడికిట్లో దాచి తల వంచుకున్నాడు. ఆమె ఊరుకుంటే సంతకం పడుతుంది, కూర్మయ్య పని పోతుంది. నన్ను పట్టుకునే ఆమె ముందుకొచ్చింది.

"గోడ నిలువుగానే ఉంది సార్. నా కర్రే తప్పు. ఊడదీయించింది నేను."

ఆయన తిట్టలేదు. గోడ మళ్లీ లేచేదాకా కూర్మయ్య చెప్పిన పని చెయ్యమన్నారు. సంతకం సంగతి ఆ తర్వాత అన్నారు. మూడు రోజులు ఇటుకలు మోసింది, నూకాలుతో మాటలు పడింది, చివరి వరస తనే కట్టింది. సంతకం పడింది.

ఆ మూడో రోజునే కూర్మయ్య సెంట్రింగు చెక్కలోంచి ముక్క కోసి, నా పక్కన పెట్టి చూసుకుంటూ నాలుగుసార్లు చిత్రిక పట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు. నేను మళ్లీ పనికొచ్చాను.

ఇప్పుడు దమయంతి సొంతంగా ఇళ్లు కట్టిస్తోంది. ఏ గోడ దగ్గరికి వెళ్లినా ముందు మమ్మల్నిద్దరినీ ఒకదానికొకటి ఆనించి చూసుకుంటుంది. ఆ తర్వాతే గోడను చూస్తుంది. నన్ను నిలబెట్టిన కూర్మయ్య చల్లగా ఉండాలి. ఆ రోజు నోరు విప్పినందుకు ఆమె కూడా.

కొత్త కర్ర మంచిది. పాతది ద్వారబంధం చెక్క. దాన్ని బల్ల కాలి కింద వదిలేసినందుకు ఆమెను క్షమించలేదు, క్షమించను. ఇక ఆ ఊసు ఎత్తను.