చివరి పేజీలో పెట్టిన పాఠం

కంప్యూటరుకి మనిషి భాష నేర్పే విద్యలో యూనివర్సిటీ కొత్తగా డిగ్రీ పెడుతోంది. అందులో ఏ పాఠాలుండాలో రాసే పని భాషల శాఖలో పాఠాలు చెప్పే ఒరెస్ట్ హ్నాటియుక్ నెత్తిన పడింది. లెక్కలు, ప్రోగ్రాములు, గణాంకాలు పేర్చుకుంటూ పోయేసరికి చోటు నిండిపోయింది. ఏదో ఒకటి బయటికి పోక తప్పదు. ఒరెస్ట్, ఒకప్పుడు తనకి చదువు చెప్పిన థోరా సిగర్డ్‌సన్ పాఠాన్ని తీసి చివరి పేజీలో పెట్టాడు, "విద్యార్థులు కోరినప్పుడు" అన్న మాట కింద. ఆ పేజీకెక్కిన పాఠం మళ్ళీ క్లాసుగది మొహం చూడదని శాఖలో అందరికీ తెలుసు.

ఆవిడదే ఎందుకంటే, ఆవిడ పోట్లాడదు. మెత్తని మనిషిని చూస్తే మొత్తబుద్ధి అంటారు. అదే గణాంకాలు చెప్పే గోతియే జోలికెళితే కాగితాలు మొహాన కొడతాడు.

థోరా పాఠంలో కంప్యూటరు ఉండదు. ఏటా జనవరిలో, క్రీ అనే అక్కడి ఆదివాసుల భాష మాట్లాడే డెల్ఫిన్ ముసలమ్మ బస్సు దిగి వచ్చి కూర్చుంటుంది. పిల్లలు ఒక మాట అడుగుతారు. అడిగాక చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ నోరు విప్పేదాకా ఊరుకోవాలి. థోరా పెట్టిన నియమం అది. గోధుమ చేలల్లో పెరిగిన ఒరెస్ట్ వినడం నేర్చుకున్నది ఆ గదిలోనే.

ఆ కాగితాల మీద శాఖవాళ్ళు ఓటు వేసే రోజు పొద్దున ఇద్దరి కార్లూ పక్కపక్కనే ఆగాయి. ఇంజను గడ్డకట్టకుండా, కారు ముక్కున వేలాడే కరెంటు తీగను స్తంభానికున్న ప్లగ్గులో తగిలిస్తూ థోరా అడిగింది.

"ఏం ఒరెస్టూ, మా ముసలమ్మకి చోటుందా నీ కాగితాల్లో?"

"ఉంది మేడమ్."

"అయితే ఇక నేను చదివేదేముంది. నువ్వు రాశావుగా."

అబద్ధం కాదు. ఉంది. మెట్లెక్కినంతసేపూ ఒరెస్ట్ ఆ మాటే నమిలాడు. నమిలినకొద్దీ చేదెక్కింది.

శాఖలో అందరికన్నా పెద్దవాళ్ళు ప్రతిపాదనను బలపరచడం ఆనవాయితీ. మీటింగులో శాఖాధ్యక్షుడు పెట్కావ్ థోరా వైపు తిరిగాడు. ఆవిడ చెయ్యి సగం లేచింది.

గోతియే ఊరుకోలేదు. "ఇంకేం థోరా, జనవరంతా ఖాళీయేగా! చెరువు మంచుకి చిల్లి పెట్టుకుని చేపలు పట్టుకో. నాకో రెండు పంపు."

లేచిన చెయ్యి ఆగింది. "ఖాళీ ఏమిటి?"

అందరూ కాగితాలు తిరగేశారు. థోరా మాత్రం కాగితం ముట్టలేదు. ఒరెస్ట్ వైపు తిరిగి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

ఆ కూర్చోవడం ఒరెస్ట్‌కి బాగా తెలుసు. తొందరపెట్టదు. వదిలిపెట్టదు.

"ఉందన్నాను. చివరి పేజీలో ఉంది. పెట్టింది నేనే. మీరైతే ఏమీ అనరని పెట్టాను."

"ఇదేం గోలయ్యా!" పెట్కావ్ విసుక్కున్నాడు. "సాయంత్రానికి డీన్ చేతిలో ఉండాలిది. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్?"

"యంత్రానువాదం పాఠాన్ని చివరికి పంపండి. ఆ చోట్లో మేడమ్‌ది పెట్టండి."

"అది నీదే కదరా! దానికోసమేగా రెండేళ్ళుగా మా ప్రాణాలు తోడావు?" గోతియే నోరు తెరిచాడు.

"నాదే."

పెట్కావ్ పెన్నుతో కొట్టేసి, పైన రాశాడు. థోరా చెయ్యెత్తి బలపరిచింది. ఓట్లు పడ్డాయి. డెల్ఫిన్‌కి జనవరి మిగిలింది.

సాయంత్రం థోరా కారు దగ్గర వంగి, చలికి కర్రలా బిగిసిన తీగను చుడుతోంది. ఒరెస్ట్ గబగబా వెళ్ళాడు.

"ఇలా ఇవ్వండి మేడమ్, నేను చుడతాను."

"నాకొచ్చులే."

ఇన్నేళ్ళూ ఆ తీగ చుట్టింది అతనే. ఆవిడ తీగను వెనక సీట్లో పడేసి కూర్చుంది. ఇంకేమైనా అంటుందేమోనని ఒరెస్ట్ అక్కడే నిలబడ్డాడు. ఇంజను వేడెక్కేదాకా ఆవిడ అద్దంలోంచి ఎదురుగా చూస్తూ కూర్చుని, తర్వాత కారు తీసుకుని వెళ్ళిపోయింది.